గోముఖం నిజంగా ఎంత వెనక్కి వెళ్లింది? అత్తయ్య ఫొటోతో మొదలైన లెక్క

మా అత్తయ్య ఇంట్లో దేవుడి గూటి పక్కన ఫ్రేమ్ కట్టించిన ఫొటో ఒకటి ఉంటుంది. 1998 మే నెలలో రాజాం చుట్టుపక్కల ఊళ్ల వాళ్లంతా కలిసి బస్సు మాట్లాడుకుని చార్‌ధామ్ వెళ్లారు. గంగోత్రి గుడి చూసి చాలామంది అక్కడితో ఆగిపోయారు. అత్తయ్యా, ఇంకో నలుగురూ మాత్రం మరో 18 కిలోమీటర్లు కొండదారిలో నడిచి గోముఖం దాకా వెళ్లారు. ఫొటోలో ఆవిడ శాలువా కప్పుకుని, చేతిలో రాగిచెంబుతో నిలబడి ఉంది. వెనకాల నీలం, బూడిద రంగులు కలిసిన పెద్ద మంచుగోడ. దాని అడుగున గుహలాంటి నోరు. అందులోంచి గంగకు మొదటి పాయ అయిన భాగీరథి ఉరుక్కుంటూ వస్తోంది.

మొన్న సంక్రాంతికి అందరం కలిసినప్పుడు బావ కొడుకు తన ఫోన్ తీశాడు. వాడు 2022 అక్టోబర్‌లో స్నేహితులతో అదే గోముఖానికి వెళ్లొచ్చాడు. వాడి ఫొటోలో ముందంతా రాళ్లు, ఇసుక. మంచుగోడ ఎక్కడో దూరంగా ఉంది. “చూడు మామ్మా, నువ్వు నిల్చున్న చోట ఇప్పుడు మంచే లేదు” అన్నాడు.

బావ ఒప్పుకోలేదు. ఆయన ఆర్మీలో 22 ఏళ్లు చేసి వచ్చిన మనిషి. హిమాచల్ కొండల్లోని లాహౌల్‌లో ఉన్నాడు, సిక్కింలో ఉన్నాడు. “ఒక్క రాత్రిలో నడుంలోతు మంచు పడేది. పారలతో తీసేవాళ్లం. మంచు తగ్గిపోయిందని ఎవడు చెప్పాడురా?” అన్నాడు. అత్తయ్య మాత్రం “గంగమ్మ తల్లి ఎక్కడికి పోతాదిరా” అంటూ ఫొటో మీది దుమ్ము తుడిచి మళ్లీ గూటి పక్కన పెట్టేసింది.

తర్వాత ముగ్గురూ నావైపు చూశారు. నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను, కాబట్టి తీర్పు నాదన్నమాట. పండగ హడావుడిలో ఆ రోజు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఎందుకంటే ఆ ముగ్గురూ తప్పు మాట్లాడలేదు. ముగ్గురూ మూడు వేరువేరు సంగతులు మాట్లాడారు. వాటికి తెలుగులో ఉన్నది మాత్రం ఒక్కటే మాట.

ఏ మంచు?

ధనుర్మాసంలో తెల్లవారుజామున నాగావళి మీద కమ్ముకునేది మంచే. పొద్దున్నే గడ్డిపరకల మీద బొట్లుబొట్లుగా మెరిసేదీ మంచే. సిమ్లాలో దూదిలా రాలేది మంచే, గోముఖం దగ్గర కొండంత గోడలా నిలబడ్డదీ మంచే. రోజూ వాడుకోవడానికి ఈ మాట మనకు సరిపోతుంది. హిమాలయాల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం చిక్కు తెచ్చిపెడుతుంది.

బావ చెప్పింది ఆ చలికాలంలో రాలిన మంచు. అది ఆ ఏటి పంట లాంటిది. మార్చిలో రాలింది జూన్‌కల్లా చాలావరకు కరిగిపోతుంది. పిల్లాడు చూపించింది గాదె. ఏళ్ల తరబడి రాలిన మంచు కరగకుండా మిగిలి, దాని మీద మళ్లీ రాలి, బరువుకి అణిగి, మధ్యలోని గాలి బయటికి పోయి, చివరికి రాయిలాంటి గడ్డగా మారుతుంది. అది వందల మీటర్ల మందాన లోయ నిండా పేరుకుని కదలడం మొదలుపెడితే దాన్ని హిమానీనదం అంటాం. వాడుకలో గ్లేసియర్. ఒక ఏడు పంట బాగా పండిందని గాదె నిండుగా ఉందని అనుకోలేం. నాలుగేళ్లు వరసగా గాదె తవ్వి తిన్న ఇంట్లో ఒక్క మంచి పంట ఆ లోటు పూడ్చదు. బావ పారతో ఎత్తిపోసిన నడుంలోతు మంచు నిజమే. అయితే గాదెలో ఎంత ఉందో ఆ మంచు చెప్పదు.

గంగోత్రి హిమానీనదం పొడవు సుమారు 30 కిలోమీటర్లు. దాని కింది కొసే గోముఖం, సముద్రమట్టానికి దాదాపు 4,000 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత పెద్ద మంచుగడ్డ ఒక చోట పడి ఉండదు. తన బరువుకి తానే ఒంగుతూ, అడుగున జారుతూ, ఏటా కొన్ని పదుల మీటర్ల చొప్పున లోయలో కిందికి నడుస్తూనే ఉంటుంది.

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. గ్లేసియర్ “వెనక్కి వెళుతోంది” అని పేపర్లో చదివితే, మంచు కాళ్లు వెనక్కి వేస్తున్నట్టు అనిపిస్తుంది. మా స్కూల్లో పిల్లలూ అలాగే అడుగుతారు. మంచు ఎప్పుడూ వెనక్కి నడవదు. దీనికి నాకు దొరికిన మంచి పోలిక కట్టెల పొయ్యి. పొడవాటి కట్టెను పొయ్యిలో పెట్టి, మండుతున్న కొద్దీ లోపలికి ఎగదోస్తుంటాం కదా. మండేంత వేగంగా ఎగదోస్తే మంట పొయ్యిలోనే ఉంటుంది. ఎగదోయడం నెమ్మదిస్తే, లేదా మంట జోరు పెరిగితే, మండే కొస పొయ్యి నోటి బయటికి వచ్చేస్తుంది. అప్పుడు కూడా మనం కట్టెను ముందుకే తోస్తున్నాం, వెనక్కి లాగలేదు. గోముఖం ఆ మండే కొస. పైనుంచి వచ్చే మంచు కన్నా కింద కరిగేది ఎక్కువైతే ఆ కొస లోయలో పైపైకి జరుగుతుంది. వెనక్కి వెళ్లడమంటే ఇంతే.

కొసను కొలవడం

కొస ఎక్కడుందో గుర్తు పెట్టడం అన్నిటికన్నా పాత పద్ధతి, తేలికైన పద్ధతి. స్విట్జర్లాండ్‌లోని రోన్ గ్లేసియర్ మీద 1874లో రంగులు వేసిన రాళ్లను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వరుసగా పేర్చి, ఏటేటా అవి ఎంత జరిగాయో కొలవడం మొదలుపెట్టారు. తిన్నగా పెట్టిన వరుస కొన్నేళ్లకు విల్లులా వంగింది. అంటే గట్ల దగ్గర కన్నా నడిమధ్య మంచు వేగంగా నడుస్తోందన్నమాట. మంచు నది అనడం పోలిక కాదు, అక్షరాలా నిజమని ఆ రాళ్లు చూపించాయి. 1894లో ఇలాంటి కొలతలన్నీ ఒక చోట చేర్చడానికి అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. ఆ పని ఇప్పటికీ జూరిచ్ నుంచి నడుస్తోంది. నూట ముప్పై ఏళ్లకు పైగా ఒకరి తర్వాత ఒకరు అదే కొండెక్కి, అదే పుస్తకంలో అంకెలు రాస్తూ వచ్చారు. అది తలుచుకుంటే నాకు నిజంగా గౌరవం కలుగుతుంది.

మన గోముఖానికి అలాంటి మొదటి గట్టి గుర్తు 1935లో పడింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన జె.బి. ఆడెన్ అక్కడికి వెళ్లి కొస ఉన్న చోటును మ్యాపులో గీశాడు. ఆ తర్వాత సర్వే వాళ్లు మళ్లీ మళ్లీ వెళ్లి కొలిచారు. 1935 నుంచి 1996 వరకు అది ఒక కిలోమీటరుకు పైనే జరిగింది. సగటున ఏటా 20 మీటర్ల దగ్గర. ఆ తర్వాత కొన్నేళ్లు వేగం తగ్గింది.

వేగం తగ్గిందంటే మంచు కోలుకుందని అర్థమా? కాదు. కొస మనకు ఆలస్యంగా కబురు చెబుతుంది. 30 కిలోమీటర్ల పొడవున్న గ్లేసియర్‌లో పైన మంచు తక్కువ పడితే, ఆ తక్కువ కొస దాకా వచ్చేసరికి దశాబ్దాలు గడుస్తాయి. పెద్ద చెరువు మదుము తీసిన రోజునే ఆయకట్టు చివరి మడికి నీళ్లు అందవు కదా, అలాగన్నమాట. ఈ రోజు గోముఖం చూపిస్తున్నది చాలావరకు మా అత్తయ్య పెళ్లినాటి వాతావరణాన్ని. రెండు మూడు కిలోమీటర్ల పొడవుండే చిన్న గ్లేసియర్లు మాత్రం త్వరగా స్పందిస్తాయి. అందుకే పక్కపక్క లోయల్లో ఒకటి పరుగెత్తినట్టు, ఇంకోటి ఆగినట్టు కనిపిస్తాయి. రెండింటికీ తగిలిన ఎండ ఒకటే.

ఇంకో చిక్కు కూడా ఉంది. గంగోత్రి కింది భాగమంతా రాళ్లు, మట్టి కప్పేసి ఉంటాయి. దీన్ని అర్థం చేసుకోవడానికి హిమాలయాల దాకా వెళ్లక్కర్లేదు, మన తీరంలో చేపల వేలం జరిగే చోటుకు వెళితే చాలు. ఐస్ దిమ్మల మీద మందంగా ఊక పోసి గోనెసంచులు కప్పితే ఎర్రటి ఎండలోనూ చాలాసేపు నిలుస్తాయి. అదే దిమ్మ మీద పలచగా మసి, దుమ్ము పడితే ఇంకా త్వరగా కరుగుతుంది. నల్లటిది వేడిని పీల్చుకుంటుంది, ఆ వేడిని ఆపేంత మందం అక్కడ ఉండదు. గ్లేసియర్ మీద కూడా ఇదే జరుగుతుంది. రాళ్లపొర కొద్ది సెంటీమీటర్లు దాటితే మంచుకు గొడుగు పడుతుంది, అంతకన్నా పలచగా ఉంటే మంట పెడుతుంది. మైదానాల్లోని పొయ్యిలు, డీజిల్ బళ్లు, తగలబెట్టిన చేల నుంచి లేచిన మసి పైన తెల్లటి మంచు మీద పడినప్పుడు చేసే పని ఈ రెండోదే.

కాబట్టి మందంగా రాళ్లు కప్పుకున్న గ్లేసియర్ కొస కదలకుండా ఉండి, మంచు మాత్రం పైనుంచి కిందికి పలచబడిపోతూ ఉండొచ్చు. ఊక కింద దిమ్మ ఎంత మిగిలిందో పైకి చూస్తే తెలియనట్టే. గంగోత్రికి ఒకప్పుడు పక్కల నుంచి వచ్చి కలిసిన రక్తవర్ణ, చతురంగి లాంటి ఉప గ్లేసియర్లు ఇప్పుడు దాన్ని చేరడం లేదు. వాటి సంగతి కొసను చూస్తే తెలియదు. అందుకే నా మట్టుకు నేను, గ్లేసియర్ ఆరోగ్యానికి కొస ఒక్కటే సాక్ష్యంగా నిలబడదనే అంటాను.

రెండు ఫొటోలు

ఇప్పుడు మా ఇంటి గొడవకు వస్తాను. అత్తయ్య ఫొటో మే నెలది. మేలో చలికాలపు మంచు ఇంకా అక్కడక్కడా గట్ల నీడన మిగిలి ఉంటుంది. పిల్లాడి ఫొటో అక్టోబర్‌ది. అప్పటికి వేసవి, వానాకాలం రెండూ అయిపోయి కరగాల్సిందంతా కరిగిపోతుంది. వేసవిలో ఎండిన చెరువునీ, శ్రావణంలో నిండిన చెరువునీ పక్కపక్కన పెట్టి “పాతికేళ్లలో చెరువు ఎంత మారిందో” అంటే ఎవరూ ఒప్పుకోరు. గ్లేసియర్‌ని ఏటా ఒకే కాలంలో, కరగడం ఆగి కొత్త మంచు మొదలుకాకముందు, సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో చూడాలి.

రెండో సంగతి, ఇద్దరూ ఒకే చోట నిలబడ్డారా? రెండు ఫొటోల్లోనూ వెనకాల భాగీరథి శిఖరాలు కనిపిస్తున్నాయి. నేను వాటిని పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాను. అత్తయ్య ఫొటోలో ఒక శిఖరం అడుగు భాగం ఎడమవైపు గట్టు వెనక దాక్కుంది. పిల్లాడి ఫొటోలో అదే శిఖరం గట్టుకు బాగా పైన, విడిగా నిలబడి ఉంది. అంటే ఇద్దరూ వేరే చోట్ల నిలబడ్డారు. దూరంగా ఉన్న కొండ, దగ్గరగా ఉన్న గట్టు ఒకదానికొకటి ఎలా కుదిరాయో చూసి, కెమెరా ఎక్కడుందో వెతికి పట్టుకోవచ్చు. పాత ఫొటో తీసిన చోటుకే మళ్లీ వెళ్లి ఫొటో తీసేవాళ్లు చేసేది ఇదే.

అలా తీసిన జంటల్లో అందరికీ తెలిసినది ఎవరెస్టు ఉత్తరాన ఉన్న రోంగ్‌బుక్ గ్లేసియర్‌ది. 1921లో పర్వతారోహకుడు జార్జ్ మేలరీ తీసిన ఫొటోను పట్టుకుని, ఇంకో పర్వతారోహకుడు డేవిడ్ బ్రీషియర్స్ 2007లో అదే చోట నిలబడ్డాడు. మేలరీ ఫొటోలో లోయ నిండా తెల్లటి మంచు శిఖరాలు. 2007 ఫొటోలో ఆ లోయ ఖాళీగా ఉంది. దాదాపు వంద మీటర్ల మందం పోయిందని లెక్కగట్టారు. మన బోటివాళ్లకు అంకె కన్నా ఆ ఖాళీ ఎక్కువ చెబుతుంది.

జమా ఖర్చు

గాదెలో ఎంత ఉందో తెలియాలంటే ఏటా ఎంత వచ్చింది, ఎంత పోయింది అని లెక్క రాయాలి. శాస్త్రవేత్తలు దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు. మన మాటలో జమా ఖర్చే. గ్లేసియర్ పైభాగంలో జమ ఎక్కువ, కింద ఖర్చు ఎక్కువ, మధ్యలో రెండూ సమానమయ్యే గీత ఒకటి ఉంటుంది. వేడి పెరిగితే ఆ గీత కొండ మీద పైకి జరుగుతుంది. అంటే జమ చేసే చోటు చిన్నదై, ఖర్చు చేసే చోటు పెద్దదవుతుంది.

ఈ లెక్క రాయడానికి వాడే పనిముట్టు గురించి చదివి చాలా సంతోషపడ్డాను. అది వెదురు గెడ. హిమాచల్‌లోని చంద్రా లోయలో ఛోటా శిగ్రి అనే గ్లేసియర్ ఉంది. విస్తీర్ణం 16 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అక్కడ ఆవిరితో మంచులో లోతుగా రంధ్రం చేసి, అందులో వెదురు గెడలు దించుతారు. ఏడాది తర్వాత వచ్చి గెడ ఎంత బయటపడిందో కొలుస్తారు. రెండు మీటర్లు బయటపడితే ఆ చోట రెండు మీటర్ల మంచు కరిగినట్టు. పైభాగంలో గోతులు తవ్వి, ఆ ఏడు ఎంత మంచు చేరిందో, ఎంత బరువుందో చూస్తారు. 2002 నుంచి ఆగకుండా ఈ లెక్క రాస్తున్నారు. మధ్యలో కొన్నేళ్లు కాస్త మిగులు కనిపించింది. మొత్తం మీద లోటే.

ఈ పని చేసేవాళ్లు ఎంత కష్టపడతారో బావ చెబితే తెలిసింది. ఆ ఎత్తులో నాలుగు అడుగులు వేస్తే ఊపిరి అందదట. హిమాలయాల్లో వేల సంఖ్యలో గ్లేసియర్లుంటే, గెడలు దించి ఏళ్ల తరబడి కొలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఆ కొరత ఉపగ్రహాలు తీర్చాయి. 1970ల్లో అమెరికా గూఢచారి ఉపగ్రహాలు తీసిన ఫొటోలను తర్వాత బయటపెట్టారు. ఒకే చోటును రెండు కోణాల నుంచి తీసినవి కాబట్టి వాటి నుంచి కొండల ఎత్తు గీయొచ్చు. వాటిని కొత్త ఎత్తులతో పోల్చి, 2019లో వచ్చిన ఒక అధ్యయనం 650 గ్లేసియర్లను లెక్కగట్టింది. 1975 నుంచి 2000 వరకు పోయిన వేగం కన్నా 2000 తర్వాత పోయిన వేగం రెట్టింపు. నీటి లెక్కలో చెప్పాలంటే గ్లేసియర్ మొత్తం మీద సగటున ఏటా 43 సెంటీమీటర్లు. మన పొలంలో దాదాపు మోకాల్లోతు నీళ్లు అనుకోండి. ఏటా అంత పోతోంది, మళ్లీ చేరడం లేదు.

తొందరపాటు మాటలు, రెండు వైపులా

“హిమాలయాల మంచు 2035కల్లా మాయం” అన్న మాట మీరూ విని ఉంటారు. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి తరఫున నివేదికలు రాసే ఐపీసీసీ 2007 నివేదికలో అది అచ్చయింది. అది తప్పు. సరైన ఆధారం లేకుండా చేరిన వాక్యం. 2010 జనవరిలో వాళ్లే ఒప్పుకుని వెనక్కి తీసుకున్నారు. అంతకు రెండు నెలల ముందే, 2009 నవంబర్‌లో, మన పర్యావరణ శాఖ విడుదల చేసిన ఒక చర్చాపత్రం హిమాలయ గ్లేసియర్లలో అసాధారణమైన మార్పేమీ కనిపించడం లేదని రాసింది. రాసినది జియలాజికల్ సర్వేలో పెద్ద హోదాలో పనిచేసిన వి.కె. రైనా. ఆయన ఎక్కువగా చూసింది కొసలు. కొస ఎందుకు ఆలస్యంగా కబురు చెబుతుందో పైన చెప్పాను.

ఆ రెండు మాటలూ కలిసి జనంలో చాలా నష్టం చేశాయి. ఒకరు “అంతా అయిపోయింది” అనుకున్నారు, ఇంకొకరు “అంతా అబద్ధం” అనుకున్నారు. తర్వాత పదిహేనేళ్లలో వచ్చిన లెక్కలు రెండిటినీ కాదన్నాయి. 2035కి మాయం కావు. అలాగని బాగానూ లేవు. హిందూకుష్ హిమాలయ దేశాల ఉమ్మడి సంస్థ ఐసీఐమాడ్ 2023లో చెప్పిన ప్రకారం, 2011 నుంచి 2020 మధ్య మంచు పోయిన వేగం అంతకు ముందు పదేళ్ల కన్నా 65 శాతం ఎక్కువ.

ఈ లెక్కకు అంత తేలిగ్గా లొంగని చోటు ఒకటుంది. అది హిమాలయాలకు వాయవ్యాన ఉన్న కారకోరం పర్వతశ్రేణి. అక్కడ చాలా గ్లేసియర్లు ఏళ్ల తరబడి నిలకడగా ఉన్నాయి, కొన్ని ముందుకూ వచ్చాయి. అక్కడి మంచు ఎక్కువగా చలికాలంలో పశ్చిమం నుంచి వచ్చే గాలులతో పడుతుంది. నేపాల్, సిక్కిం వైపు అలా కాదు. అక్కడ మంచు ఎక్కువగా పడేది వానాకాలంలోనే. జూన్‌లో మన ఊళ్ల మీదుగా వెళ్లే నైరుతి రుతుపవనాలు, బంగాళాఖాతం తేమ అక్కడ మంచుగా రాలుతాయి. అంటే జమా, ఖర్చూ ఒకే కాలంలో జరుగుతాయి. ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే మంచుగా రాలాల్సింది వానగా కురుస్తుంది. జమ తగ్గుతుంది. ఆ వాన తగిలి ఉన్నదీ కరుగుతుంది.

మనుషుల పాత్ర ఎంత అన్నదానికీ ఒక్క అంకెతో జవాబు లేదు. 19వ శతాబ్దం మధ్యలో ఒక చల్లటి కాలం ముగిసింది కాబట్టి, మనం పెద్దగా బొగ్గు మండించకముందే గ్లేసియర్లు కొంత తగ్గడం మొదలైంది. 2014లో వచ్చిన ఒక పరిశోధన ప్రపంచమంతటి గ్లేసియర్లను చూసి, 1851 నుంచి 2010 వరకు పోయిన మంచులో నాలుగో వంతు మనుషుల వల్ల అని, 1991 నుంచి 2010 వరకు మాత్రమే తీసుకుంటే ఆ వాటా 69 శాతం దాకా ఉందని చెప్పింది. ఆ అంకెలకు అటూఇటూ ఊగే హద్దులు పెద్దవే. అయినా ఎటు పోతోందో స్పష్టంగా కనిపిస్తోంది.

కరిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి

బావ ఈ భాగం మాత్రం శ్రద్ధగా విన్నాడు. గ్లేసియర్ కొస పైకి జరిగినప్పుడు, అది ఒకప్పుడు తోసుకొచ్చిన రాళ్ల గట్టు కిందే ఉండిపోతుంది. గట్టుకూ మంచుకూ మధ్య నీళ్లు నిలిచి చెరువవుతుంది. ఆ గట్టు ఎవరూ దిమ్మిస వేసి కట్టింది కాదు, వదులుగా పడిన రాళ్ల కుప్ప. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఇలాంటి చెరువులకు అట్లాసులు తయారుచేసింది. 2024లో ఇస్రో చెప్పిన లెక్క ప్రకారం హిమాలయ నదుల పరివాహకంలో 10 హెక్టార్లకు మించిన చెరువులు 2,431 ఉంటే, 1984 నుంచి వాటిలో 676 బాగా పెరిగాయి. బావకు తెలిసిన లాహౌల్‌లోనే గేపాంగ్ ఘాట్ చెరువు 1989లో 36 హెక్టార్లు, 2022కి 101 హెక్టార్లు.

2023 అక్టోబర్ 3 అర్ధరాత్రి సిక్కింలో సౌత్ ల్హోనాక్ చెరువు గట్టు తెగింది. తీస్తా నది మీద చుంగ్‌థాంగ్ దగ్గరున్న ఆనకట్ట కొట్టుకుపోయింది. కింద సైనిక శిబిరాలు కూడా మునిగాయి. బావ ఒకప్పుడు ఆ లోయలోనే కాపలా కాశాడు. అప్పుడు టీవీ ముందు కూర్చుని ఆయన అన్నం ముట్టలేదని అక్క చెప్పింది. అయితే కొండల్లో వచ్చే ప్రతి వరదనూ దీనికే ముడిపెట్టకూడదు. 2021 ఫిబ్రవరి 7న చమోలీలో జరిగింది చెరువు తెగడం కాదు, రోంటి శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి విరిగిపడటం.

నదుల సంగతి చెబితే అత్తయ్య మాట సగం నిజం. గంగకు వానలే పెద్ద ఆధారం, మైదానాల్లోకి దిగేసరికి గ్లేసియర్ నీటి వాటా చిన్నది. గంగ ఎండిపోదు. ఎండాకాలంలో పైలోయల్లో ఉండేవాళ్లకు, ముఖ్యంగా సింధు నది మీద బతికేవాళ్లకు మాత్రం ఆ వాటా పెద్దది. పైగా గ్లేసియర్ చిక్కిపోయేటప్పుడు మొదట నీళ్లు పెరుగుతాయి. బ్యాంకులో డిపాజిట్ విరగ్గొట్టి ఖర్చు పెడుతున్నప్పుడు చేతిలో డబ్బు ఆడినట్టే ఉంటుంది. ఆ తర్వాతే తగ్గుదల.

మన నాగావళికీ, వంశధారకూ, చంపావతికీ మంచుతో సంబంధం లేదు. నాగావళి, వంశధార ఒడిశా కొండల్లో పుట్టి, పూర్తిగా వాన మీద బతికే నదులు. మరి మనకేం పట్టింది అని మా స్టాఫ్‌రూమ్‌లోనే ఒక సహోద్యోగి అడిగారు. మన వాటా మనకు నదిలో రాదు, సముద్రంలో వస్తుంది. 2000 నుంచి 2023 వరకు ప్రపంచంలోని గ్లేసియర్లు ఏటా సగటున 27,300 కోట్ల టన్నుల మంచు పోగొట్టుకున్నాయి. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచుపలకలు ఈ లెక్కలో లేవు. దీనివల్ల సముద్రమట్టం 18 మిల్లీమీటర్లు పెరిగింది. నీళ్లు వేడెక్కి ఉబ్బడం, ఆ మంచుపలకలు కరగడం అన్నీ కలిపితే 1901 నుంచి 2018 వరకు 20 సెంటీమీటర్లు. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఒడ్డు కోతకు గురవుతున్న ప్రతిచోటా కారణం ఇదే అని నేను అనను. నదులు తెచ్చే ఇసుక తగ్గినా, కట్టడాలు అడ్డుపడినా ఒడ్డు తెగుతుంది. కానీ 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు లేచిన అలలు, వందేళ్ల కిందటి మట్టం మీద నుంచి లేవలేదు. జానెడు ఎత్తు నుంచి లేచాయి. ఉద్దానంలో ఇంటి కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన వాళ్లకు ఆ జానెడు చిన్న సంగతి కాదు.

పిల్లాడు వచ్చే అక్టోబర్‌లో మళ్లీ గోముఖం వెళతానంటున్నాడు. అత్తయ్యను బతిమాలి ఫ్రేమ్ విప్పించాం. ఫొటో వెనక రాజాం స్టూడియో ముద్ర కింద, మావయ్య చేతిరాతలో “గోముఖం, 19-5-98, మధ్యాహ్నం” అని పెన్సిల్‌తో ఉంది. అది చూసి అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత, తాను నిలబడింది బల్లపరుపు రాయి మీదనీ, ఎడమ పక్కన నిలువునా పగిలిన పెద్ద బండ ఒకటి ఉండేదనీ గుర్తుచేసుకుని చెప్పింది. పెద్ద ప్రింటు ఒకటి తీయించి పిల్లాడికి ఇచ్చాను. శిఖరం అడుగు భాగం గట్టు వెనక దాక్కునే దాకా నడవమని, ఆ బండ కోసం వెతకమని, దొరికితే అక్కడే నిలబడి ఫొటో తీసి ఫోన్లో ఆ చోటు గుర్తు, తేదీ, టైమ్ రాసుకు రమ్మని చెప్పాను. “బండ దొర్లిపోయి ఉంటే, మావయ్యా?” అని అడిగాడు. అదీ రాసుకు రమ్మన్నాను.